తెలుగు ఆన్‌లో మాత్రం కొట్టొద్దు

మూడోసారి కూడా కంప్యూటరు కిషోర్‌బాబు మాట వినలేదు. పాస్‌వర్డ్ తప్పంటూ మళ్ళీ అదే ఖాళీ గడిని ముందుకు తోసింది.

“కరపత్రం మధ్యాహ్నానికల్లా విజయవాడ ప్రెస్సుకి పోవాలన్నావు,” అన్నాడు ఎదురుగా కూర్చున్న తిరుపతిరావు, తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ. “ఎల్లుండే ఎడ్ల పందేలు. నీ వల్ల కాదంటే చెప్పు, నందిగామ పోయి చేయించుకుంటా. ఇక మా ఊరి పనులన్నీ అక్కడికే. ముందా ఫ్యాను వెయ్యవయ్యా, ఉడికిపోతన్నా.”

“ఒక్క నిమిషం బాబాయ్. ఫ్యానేస్తే కాయితాలెగిరిపోతయ్,” అన్నాడు కిషోర్‌బాబు.

నిజానికి బల్ల మీద ఎగిరే కాయితాలేవీ లేవు. గోడ మీద కరెంటు మీటరు మాత్రం ఉంది. జగ్గయ్యపేట బస్టాండు పక్కన ఇన్నేళ్ళుగా డీటీపీ షాపు నిలబడిందంటే అది తన పొదుపు వల్లేనని ఆయన గట్టి నమ్మకం. పనివాడికి చెమట పడితే నిద్ర రాదని కూడా ఆయన అభిప్రాయం.

ఆ కరపత్రం చేసింది ఆపరేటరు బెన్ని. ఎవరూ చూడకుండా ప్రతి ఫైలుకీ తాళం వెయ్యాలని వాడికి హుకుం జారీ చేసింది మాత్రం కిషోర్‌బాబే. వాడు తాళం వేశాడు. నిన్న సాయంత్రం ఇంటికెళ్తూ చిల్లకల్లు దగ్గర బండి జారి, కాలు విరిగి, నందిగామ ఆసుపత్రిలో పడ్డాడు. తాళంచెవి వాడితోనే పోయింది.

కిషోర్‌బాబు ఫోన్ చేశాడు.

“బెన్నీ, కాలెట్టా ఉంది? సరేగానీ, ఎడ్ల పందేల ఫైలుకి ఏం మాట పెట్టావు?”

బెన్ని మాట దాటేశాడు.

“నేనే వచ్చి కొడతా సార్. ఆటో మాట్లాడుకుని వచ్చేస్తా.”

“కట్టు కట్టిన కాలేసుకుని వస్తావా? పిచ్చేమన్నా పట్టిందా? చెప్పు, నేను కొడతా.”

“మాటంటే... అది నా వేళ్ళకే తెలుసు సార్. తెలుగు కొట్టే అలవాటులో కొట్టేశా.”

“అర్థమయ్యేట్టు చెప్పవయ్యా.”

“మీటలు ఇంగ్లీషువే గదా సార్. మనం హెచ్ నొక్కితే, తెలుగు సాఫ్ట్‌వేరు మధ్యలో అందుకుని దాన్ని ‘ప’ చేసి పేజీ మీద వేస్తది. పాస్‌వర్డ్ గడి దగ్గరికి దాన్ని రానివ్వరు. అందుకని నా వేళ్ళు తెలుగే కొట్టినా, లోపల పడింది ఇంగ్లీషు అక్షరాలే. అర్థం పర్థం లేకుండా ఉంటయ్.”

కిషోర్‌బాబుకి తెలుగు టైపు రాదు గానీ, వ్యవహారం ఇట్టే పట్టేస్తాడు. “అయితే ఆ ఇంగ్లీషు అక్షరాలే చెప్పు. పనైపోద్ది.”

“చెప్తా సార్. కానీ తెలుగు ఆఫ్‌లో పెట్టి కొట్టండి. ఆన్‌లో మాత్రం కొట్టొద్దు.”

“నాకు చెప్తన్నావా!”

ఫోన్ చెయ్యి మారింది. “దుప్పటి మీద వేళ్ళాడించి చూసుకుంటన్నాడండి, కాస్త ఆగండి,” అంది బెన్ని భార్య జాయిస్. ఆమె గొంతులో నవ్వు దాగలేదు. కాలు విరిగినా ఆలుమగలిద్దరూ హుషారుగానే ఉన్నారని కిషోర్‌బాబు సంతోషించాడు.

“పెద్ద హెచ్... డి... స్లాష్... ఈ... వి... జి...” బెన్ని మొదలుపెట్టాడు. కిషోర్‌బాబు ఒక పాత పెళ్ళికార్డు వెనకవైపు ఆ అక్షరాలన్నీ వరసగా రాసుకున్నాడు. కొత్త కాయితం తియ్యాలంటే ఆయనకి ప్రాణం ఒప్పదు. తర్వాత తెలుగు ఆఫ్‌లో ఉందో లేదో చూసుకుని, ఒక్క వేలితో ఒక్కో మీటా వెతుక్కుంటూ కొట్టాడు.

గడి మాయమైంది. తెర నిండా ఒంగోలు గిత్తలు నిలబడ్డాయి.

కిషోర్‌బాబుకి గుండెల మీద నుంచి బండ దించినట్టయింది. కరపత్రం నిమిషాల్లో విజయవాడ చేరింది, ముట్టిందని ప్రెస్సువాళ్ళ కబురూ వచ్చింది. తిరుపతిరావు ముఖం విప్పారింది.

“గట్టోడివేనయ్యా. ఇక నందిగామ మాటెత్తను.”

“మా షాపు సెక్యూరిటీ అట్టాంటిది బాబాయ్,” అన్నాడు కిషోర్‌బాబు కుర్చీలో వెనక్కి వాలి. “చూశారుగా, ఎంత పొడుగు పాస్‌వర్డో! ఎవడి తాతా పట్టుకోలేడు. ఇక షాపులో అన్ని ఫైళ్ళకీ ఇదే పెట్టిస్తా. బెన్ని బంగారం. నేనంటే వాడికి ప్రాణం.”

“ఇంతకీ తెలుగులో కొడితే అదేమొస్తదయ్యా?”

బెన్ని వద్దన్న సంగతి కిషోర్‌బాబుకి గుర్తొచ్చింది. ఫైలు ఎటూ తెరుచుకుంది, ఇంకా భయం దేనికి? తెర మీద కొత్త పేజీ తీశాడు. తెలుగు ఆన్ చేశాడు. పెళ్ళికార్డు పక్కన పెట్టుకుని, తల వంచుకుని మళ్ళీ ఒక్కో మీటా వెతుక్కుంటూ కొట్టసాగాడు. తిరుపతిరావు లేచొచ్చి ఆయన భుజం మీదుగా వంగాడు.

“ఫ్యాను,” అన్నాడు తిరుపతిరావు.

“ఒక్క క్షణం బాబాయ్.”

“వెయ్యి.”

“వేస్తాగా, అయిపోవచ్చింది!” చివరి మీట నొక్కి, అప్పుడు తలెత్తాడు కిషోర్‌బాబు.

“నేనడగట్లేదయ్యా, తెర మీదది చదువుతున్నా,” అన్నాడు తిరుపతిరావు కళ్ళజోడు సర్దుకుంటూ. “చివర్న ‘పిసినారీ’ అని కూడా ఉంది.”