కొలత తప్పని టైలర్

సత్యమ్మ పచ్చ కుర్తాను తెచ్చి రౌఫ్ మిషన్ మీదనే పడేసింది. సూది కింద నడుస్తున్న ఇంకెవరిదో జాకెట్టు పక్కకు జరిగి కుట్టు వంకర పోయింది.

“ఏందవ్వా ఇది? కండ్లు కనిపిస్తలేవా?” రౌఫ్ కాలు ఆపి తల ఎత్తిండు.

“నాకు మంచిగనే కనిపిస్తున్నయి. నీకే కనిపిస్తలేవు. పిల్లకు తొడిగితె మోకాళ్ల మీదికొచ్చింది. చేతులు మణికట్టుకు నాలుగు వేళ్లు పైననే ఆగినయి. పండుగ ఇంక రెండు రోజులే ఉన్నది. ఇదేం కుట్టుడు?”

బాన్సువాడ బజార్ల రౌఫ్‌కు ఒక్కటే గొప్ప, ఇరవై ఏండ్ల సంది కొలత తప్పలేదని. ఆ మాట ఆయన నోటితోటే పిట్లం దాక పోయింది, అది వేరే సంగతి. ఈసారి ఉగాది, రంజాన్ ఒకదాని ఎనుక ఒకటి వచ్చి పడ్డయి. దుకాణంల కాలు పెట్టేటందుకు జాగ లేదు, ఎటు చూసినా బట్టల మూటలే. రోజా ఉన్న కడుపు, పైన రేకుల వేడి, పొద్దటి సంది ఎత్తని నడుము. అసొంటి టైంల వచ్చి కొలత తప్పిందంటె ఎట్లుంటది? అరికాలి మంట నెత్తికెక్కింది.

“జర మెల్లగ మాట్లాడు. గిరాకీలు వింటుండ్రు,” అన్నడు పండ్లు కొరుకుతా.

“విననీ. పండుగ పూట పిల్లలు ఇంట్ల ఏడ్సుడు ఎందుకు, ముందే తెలిస్తె వేరే దుకాణం చూసుకుంటరు.”

బెంచీ మీద కూసున్న ఇద్దరు ఆడోళ్లు తమ సంచులను ఒళ్లోకి గుంజుకున్నరు. రౌఫ్ అది చూసిండు. ఇంక ఊకుంటె లాభం లేదని లేచి, మూటల నడుమ వెతికి, పన్నెండు రోజుల కింద ఈమె ఆది కోసమని ఇచ్చిన పాత ఇస్కూలు కుర్తా బయటికి తీసిండు. దాని మీద కొత్తదాన్ని పరిచి, భుజానికి భుజం, అంచుకు అంచు కలిపి అందరికి కనపడేటట్టు చూపించిండు. దారమంత తేడా లేదు.

“చూడు, మంచిగ చూడు. నువ్విచ్చిన ఆదికి రవ్వంత తక్కువ గాలె. ఇది గూడ నేను కుట్టిందే. ఇస్కూలు బట్టలు అసొంటివి వందలు కుట్టిన. అయినా ఈ కాలర్ మలిచిన తీరు చూస్తె చాలు, వెయ్యింట్ల కలిపినా నా కుట్టు నేను గుర్తు పడ్త.”

“కుట్టు గుర్తు పడ్తవు,” అన్నది సత్యమ్మ. “సంతోషం.”

ఇంతల ఫోన్ మోగింది. రౌఫ్ భార్య మెహరాజ్ బేగం. ఇయ్యాల్నన్న ఇఫ్తార్‌కు ఇంటికి రమ్మంటున్నది. చీకటితో పోయి అందరు పండుకున్నంక వచ్చుడేనాయె, నెల దినాల్ల ఒక్క పూటన్న పిల్లల పక్కన కూసున్నవా అని అడుగుతున్నది.

“సీజన్ల ఫోన్ చెయ్యకని ఎన్నిసార్లు చెప్పాలె నీకు? పండుగైనంక మాట్లాడుదం. పెట్టెయ్.” ఆమె ఇంకేదో అంటుండంగనే కట్ చేసి ఫోన్‌ను గుడ్డల కిందికి తోసిండు.

“ఇంటోళ్ల మీద గూడ గిట్లనే ఎగురుతవా?” అన్నది సత్యమ్మ.

“నా ఇంటి ముచ్చట నీకెందుకు? నీ పంచాయితీ తెంపుకో. ఈ ఆది ఎప్పటిది?”

“రెండేండ్లు దాటింది.”

“గదీ సంగతి. రెండేండ్ల కిందటి బట్ట తెచ్చిచ్చి నా పేరు ఖరాబు చేస్తున్నవు. ఆది ఎట్లుంటె అట్ల కుడ్త. నాకేమన్న కల పడ్తదా?”

“నాకిచ్చింది పిల్ల తల్లి. తాను తెస్తె పండుగ దాటినంకనే కుడ్తవంట. అందుకే మొన్ననే పక్కింట్ల కిరాయికి దిగిన నా చేత పంపింది.”

“ఎవరా తల్లి? నేను గిరాకీని ఎన్నడన్న ఎనుకకు తోలిన్నా? నాకు అందరు ఒక్కటే. ముందల ఇచ్చినోళ్లది ముందల ఇస్త.”

సత్యమ్మ పచ్చ కుర్తాను తీసి మడత పెట్టుకున్నది. రౌఫ్‌కు గెలిచినట్టే అనిపించింది. గెలిచినంక ఊకునే మనిషి గాదు ఆయన. బెంచీ మీదోళ్లకు వినపడాలని గొంతు పెంచిండు.

“తప్పు నాది గాదు, నీది గాదు. ఆ తండ్రిది. కన్నబిడ్డ రెండేండ్లల్ల ఎంత ఎదిగిందో చూసుకోడా? పిల్ల ఎత్తు ఎంతనో తెల్వనంత పని ఏం చేస్తుండు వాడు? కలెక్టరా? వాడేం తండ్రి?”

బెంచీ మీదోళ్లు నిజమే అన్నట్టు తలలూపిండ్రు.

“గా మాట ఆయన్నే అడుగు,” అన్నది సత్యమ్మ. “మేము అడిగితె వినేటట్టు లేడు.”

“అడుగుత. నాకేం భయం? ముందుగాల పిల్లను తోల్కరా. నా చేతితోని కొలత తీసి, రేపు మాపటికల్ల ఇంకోటి కుట్టిస్త. బట్ట గూడ నాదే. అది చూసి ఆ తండ్రి సిగ్గుపడాలె.”

“బయటనే ఉన్నది.” సత్యమ్మ గడప దిక్కు తిరిగింది. “రా బిడ్డా. ఏమనడు, రా.”

రౌఫ్ చీటీల పుస్తకం ముందటికి గుంజుకున్నడు. చెవి మీది పెన్సిల్ తీసి తేదీ వేసిండు, ‘అర్జంటు’ అని పైకి చదువుకుంట రాసిండు. ఎవరో చెప్పులు విడిచి లోపలికి వచ్చిన చప్పుడైంది. తల ఎత్తి చూసే తీరిక ఆయనకెక్కడిది?

“నీ పేరేంది బిడ్డా?” అన్నడు రాసుకుంటనే.

“రుఖయ్యా,” అన్నది పిల్ల మెల్లగ. “నేనే, అబ్బాజాన్.”