మోకాళ్ళు పట్టుకున్న చేతులు

“ఆపండి డాక్టరుగారూ, ప్రాణం పోతోంది!” అని కోడలు అరిచింది.

పొత్తికడుపు నొప్పి పరీక్షకని ఒంటి లోపలికి పెట్టిన పరికరం అలాగే ఉంది. డాక్టరమ్మ చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని, కొత్తింటి కర్టెన్ల రంగు గురించి మాట్లాడుతోంది. పరికరానికి పూసిన చల్లటి జిగురు కోడలి తొడల మీదికి జారుతోంది.

ఫోను పెట్టేసి డాక్టరమ్మ విసుక్కుంది. “పెళ్ళయినదానివి, దీనికే ఇంత గోలా? అత్తగారూ, ఆ మోకాళ్ళు కాస్త గట్టిగా పట్టుకోండి.”

అత్త రానే వచ్చింది. ఏళ్ళ తరబడి ఈ పొత్తికడుపు నొప్పిని పని ఎగ్గొట్టే నాటకమని దెప్పిన మనిషి. ఆ చేతులు తగలగానే కోడలికి ఒంటి మీద గొంగళిపురుగులు పాకినట్టయింది.

కానీ ఆ చేతులు మోకాళ్ళు వదిలేసి, దుప్పటి కిందికి లాగి కప్పాయి.

“ముందు అది బయటికి తియ్యండి. ఆపమంటోంది, వినపడలేదా?” అంది అత్త.

డాక్టరమ్మ మొహం మాడ్చుకుని, పరికరం తీసి ట్రేలో పడేసి వెళ్ళిపోయింది.

అత్త దూదితో కోడలి కాళ్ళు తుడుస్తూ, “నన్నూ మా అత్త ఇలాగే పట్టుకుంది” అంది తలెత్తకుండా.

“మీకూ ఈ నొప్పేనా? మరి నావి నాటకాలన్నారేం?”

“నావీ నాటకాలే అన్నారమ్మా అందరూ. నిజమే కాబోలనుకున్నాను, ఇవాళ్టిదాకా.”