దారిలోనే ఉన్నాం

తీరం వెంబడి పడవలో తిప్పుతూ చేపలకి గాలాలు వేయించే అతన్ని బతిమాలి మరీ ఈ రోజు ఖాయం చేసుకుంది ఆమె. అంతకుముందు రెండుసార్లు వాయిదా వేసింది తనే. సముద్రం పోటెత్తే వేళకి, తెల్లారకముందే బయల్దేరాలని అతను మరీమరీ చెప్పాడు. తీరా చూస్తే భర్త గుర్రు పెడుతున్నాడు, పిల్లలు దుప్పటి వదలడం లేదు. ఫోను మోగింది.

"ఎక్కడిదాకా వచ్చారక్కా?"

"దారిలోనే ఉన్నాం తమ్ముడూ!" చీకటి వంటింట్లో నైటీతో నిలబడి అంది. నోరు అలవాటుగా ఆడేసిన అబద్ధానికి చెవులు వేడెక్కాయి.

"ఆఁ, కనిపిస్తున్నార్లే. బావగారు, పిల్లలు కూడా. లైటు వేస్తున్నా, చూసుకుని ఎక్కండి."

"ఎవరు?" అనబోయింది. అంతలోనే అవతల పడవ చెక్కమీద అడుగుల చప్పుడు. ఒకరి తర్వాత ఒకరు, తీరుబడిగా.

"అందరూ ఇలా తడిసిపోయారేంటక్కా? వానైనా లేదే!" అతను నవ్వాడు. "ఎదురుగా ఉండి ఇంకా ఫోనెందుకు? పెట్టేయండి."

పక్కగదిలోంచి భర్త గురక వినిపిస్తూనే ఉంది. మేమింకా ఇల్లే కదల్లేదు, వాళ్ళని ఎక్కించుకోకు అని ఒక్కమాట చెప్తే చాలు. కానీ మూడోసారీ మోసం చేసిందని ఆ మనిషి అనుకుంటాడే! సిగ్గేసింది.

"జాగ్రత్త తమ్ముడూ," అని మాత్రం అనగలిగింది.

"మీరంతా పక్కనుండగా నాకేం భయమక్కా!"

అవతల పడవ మోటారు మొదలైంది.