బోను తలుపు

రెండో రోజు కూడా బోను ఖాళీగా ఉంది. ఎరగా పెట్టిన చేపముక్క లేదు. పడిన తలుపును ఎవరో మళ్లీ పైకెత్తి తాడుతో కట్టారు.

"పిల్లి పడింది. ఎవరో వదిలేశారు," అంది పశువుల డాక్టర్ జుబియా.

విజయవాడ వన్ టౌన్‌లో ఆ సందంతా పప్పుల గోడౌన్లే. ఎలుకల బాధ పడలేక ఒకప్పుడు వ్యాపారులే పిల్లుల్ని చేరదీశారు. అవి పెరిగి పెరిగి ముప్ఫై దాటాయి. బస్తాల మీద కంపు. చూరుల కింద పిచ్చుక గూళ్లలో ఒక్క పిల్ల కూడా మిగలడం లేదు. ఆదివారంలోగా ఏదో ఒకటి చేయకపోతే అన్నిటినీ గోతాల్లో మూటకట్టి కృష్ణ అవతల పారేసి వస్తామన్నారు వ్యాపారులు.

జుబియా వాళ్లను బతిమాలుకుంది. పక్క సందులో క్యాంపు పెట్టింది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, గుర్తుగా చెవి కొస కత్తిరించి, పట్టిన చోటే వదిలేస్తుంది. ఆడపిల్లుల్లో ఇక ఒక్కటే మిగిలింది. బూడిదరంగుది. అది ఒక్కటి తప్పించుకున్నా ఏడాది తిరిగేసరికి కథ మళ్లీ మొదటికొస్తుంది.

"ఎవరో కాదు డాక్టరమ్మా. మా ఆయనే," అంది మాణిక్యమ్మ.

ఆమె భర్త హనుమయ్య బోను పెట్టిన గోడౌన్లోనే నలభై ఏళ్లు బస్తాలు మోశాడు. నడుం వంగాక వాచ్‌మన్‌గా ఉండిపోయాడు. వెనక గదిలోనే ఇద్దరి కాపురం.

"ఎందుకు వదిలేశారండీ?" అనడిగింది జుబియా.

హనుమయ్య తలెత్తలేదు. "దానికి ఇష్టమో కాదో ఎవరన్నా అడిగారా?"

"పిల్లిని ఎలా అడుగుతామండీ?"

"పట్టుకుపోయేవాళ్లు ఎవర్నీ అడగరులే అమ్మా."

జుబియాకు కోపం రాలేదు. ఇలాంటి మాటలు ఈ వారంలో చాలా విన్నది. "పోయిన ఏడాది అది మూడుసార్లు ఈనిందట. అందులో ఎన్ని బతికాయి?"

"ఒక్కటీ లేదు," అంది మాణిక్యమ్మ. "అన్నిటినీ నా చేతులతోనే పాతిపెట్టా. ఇప్పుడు మళ్లీ నాలుగున్నాయి. ఒకసారి చూడండి."

బస్తాల చాటున పాత చీరముక్క మీద నాలుగు కూనలు. కళ్లు పుసులు కట్టి అతుక్కుపోయాయి. ముక్కుల్లోంచి చీమిడి. జుబియా వేలితో తడిమి చూసింది. పిల్లుల్లో వచ్చే జలుబే. చిన్నవాటికి అదే యముడు. మందు వేసింది, కళ్లు తుడిచింది. ఇంతకన్నా చేయగలిగింది లేదని ఆమెకు తెలుసు.

మాణిక్యమ్మ ఒకదాన్ని ఒళ్లో పెట్టుకుని డ్రాపరుతో పాలు పోయబోయింది. పాలు పెదవి పక్కనుంచి కారిపోయాయి.

"నాకా, ఒక్క కాయా కాయలేదు. దీనికేమో ఇచ్చినట్టే ఇచ్చి లాక్కుంటున్నాడు దేవుడు. గుణదల మేరీమాతకు మొక్కాను. కొండపల్లి దర్గాకు వెళ్లాను. మా అత్తగారు పోయేదాకా నన్ను గొడ్రాలనే పిలిచింది. సీమంతాలకు పిలిచినవాళ్లు లేరు. ఇంకో పెళ్లి చేసుకోరా అని ఊరంతా పోరినా ఈయన వినలేదు. ఇన్నేళ్లలో పిల్లల్లేరని నన్నొక్క మాటన్నది లేదు. అలాంటి మగాడు ఎక్కడుంటాడమ్మా?"

హనుమయ్య లేచి బయటికి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున రెండు కూనలు పోయాయి. మధ్యాహ్నం ఇంకొకటి. శనివారం సాయంత్రం ఆఖరిది మాణిక్యమ్మ ఒళ్లోనే కాళ్లు చాపేసింది. జుబియా పక్కనే కూర్చుని ఉంది, చేతిలో ఖాళీ సిరంజితో. తల్లిపిల్లి బస్తాల మీదికెక్కి ఒకటే అరుపు. కిందికి దిగుతుంది, చీరముక్క వాసన చూస్తుంది, మళ్లీ ఎక్కుతుంది.

"ఇంక చాలయ్యా," అంది మాణిక్యమ్మ భర్తతో. "దాని కడుపుకోత నేను చూడలేను. నీకు దణ్ణం పెడతా. ఆపరేషన్ చేయించు."

హనుమయ్య ఏదో అనబోయాడు. ఆమె ముఖం చూసి ఆగిపోయాడు.

ఆదివారం పొద్దున్నే బోను తానే మోసుకొచ్చాడు. లోపల పిల్లి బెదరకుండా తన తుండు కప్పాడు. జుబియా చేతికిచ్చాడు గానీ పట్టు వదల్లేదు.

"పూర్తిగా మత్తిస్తారా?"

"ఇస్తామండీ. ఏమీ తెలీదు."

"తర్వాత జ్వరం?"

"రాకుండా ఇంజెక్షన్ చేస్తాం."

"రేప్పొద్దున వద్దనుకుంటే, పెద్ద డాక్టరెవరైనా మళ్లీ సరిచేయగలరా?"

"లేదండీ. ఒకసారి చేస్తే అంతే."

అప్పుడు వదిలాడు.

ఆపరేషన్ అయ్యేదాకా క్యాంపు మెట్ల మీదే కూర్చున్నాడు. ఎవరో టీ ఇస్తే పక్కన పెట్టాడు, అది అలాగే చల్లారిపోయింది. ముప్పావుగంటకు జుబియా బోను తెచ్చి ఆయన పక్కన దించింది. పిల్లి మగతగా పడి ఉంది. ఎడమ చెవి కొస లేదు.

హనుమయ్య బోను ఊచల్లోంచి వేలు పెట్టి దాని పాదం తాకాడు. కళ్లనుంచి బొటబొటా నీళ్లు రాలాయి. తుడుచుకోలేదు.

జుబియా ఆయన వైపు వంగింది. "బానే ఉందండీ. సాయంత్రానికి లేచి తిరుగుతుంది. దానికి మంచే చేశాం," అంది. ఆ మాట తన చెవికే బోలుగా వినిపించింది. పక్కన కూర్చుంది. "హనుమయ్యగారూ, మీరెందుకు ఇంతలా బాధపడుతున్నారు?"

సందు చివర మాణిక్యమ్మ గిన్నెలో చేపముక్కలు పట్టుకుని మెల్లగా నడిచి వస్తోంది. ఆమె ఎంత దూరంలో ఉందో హనుమయ్య ఒకసారి చూసుకున్నాడు.

"గవర్నమెంటువాళ్లు నన్ను లారీలో ఎక్కించుకుపోయి పిల్లలు పుట్టకుండా ఇదే ఆపరేషన్ చేసినప్పుడు నాకు పందొమ్మిదేళ్లమ్మా," అన్నాడు గొంతు తగ్గించి, "అప్పటికింకా పెళ్లి కాలేదు, ఆ సంగతి మాణిక్యానికి ఈ రోజుకీ తెలీదు."