గోడ మీద దెబ్బ

"కట్!" అన్నాడు డైరెక్టరు. "పెద్దాయనా, కోపం రాలేదు."

పక్కగదిలోంచి ముసలాయన తల బయటపెట్టాడు.

"ఎవరిమీద బాబూ?"

యూనిట్ అంతా ఫక్కున నవ్వింది.

డైరెక్టరుకి నవ్వు రాలేదు. సినిమాలు తీసీ తీసీ తల నెరిసిపోయింది. ఇది ఆఖరిది, ఇక ఇంటిపట్టునే ఉంటానని భార్యకి మాటిచ్చాడు. కుర్రతనంలో తనకి పిచ్చెక్కించిన రాక్ గాయకుడి జీవితకథ. ఈ ఒక్కటీ అబద్ధం లేకుండా తీయించు తండ్రీ అని రోజూ దేవుడికి దండం పెట్టుకునే సెట్‌కి వస్తున్నాడు.

సినిమాకి ప్రాణం ఈ సీనే. గాయకుడు పేరు రాకముందు అద్దెకున్న గది కూడా ఇదే. ఆయన గిటారు పట్టుకుని పాడుతుంటే, పక్కగది మనిషి నిద్రచెడి గోడ బాదేవాడట. ఆ కసితోనే మొదటి పాట కట్టాడని లోకమంతా చెప్పుకుంటుంది.

గోడ బాదాల్సిన నటుడు ఆ పూట ఎగ్గొట్టాడు. ఎలాగూ తెరమీద కనిపించేది చెయ్యేగా అని, మెట్ల దగ్గర నిలబడి షూటింగ్ చూస్తున్న ఈ ముసలాయన్ని అసిస్టెంటు పిలుచుకొచ్చాడు.

"చూడండి, మీకు నిద్ర పట్టట్లేదు. పక్కన ఒకటే గోల. ఒళ్లు మండిపోతోంది. బాదండి!"

"గోలేముంది బాబూ? బాగానే పాడుతున్నాడుగా!"

"అయ్యా, మండినట్టు నటించాలి!"

"సరే, సరే."

మళ్లీ యాక్షన్. రెండు దెబ్బలు గట్టిగా, ఒకటి మెల్లగా, కాస్త ఆగి మరొకటి.

"కట్! అది కోపమా, పసిపిల్లని జోకొట్టడమా?"

చివరికి లైట్‌మన్ చేత బాదించారు. గోడ సున్నం రాలింది. డైరెక్టరు "ఓకే" అన్నాడు.

ముసలాయనేం నొచ్చుకోలేదు. ఇచ్చిన టీ తాగి, వెళ్లబోతూ ఆగాడు.

"మీ హీరో కుర్రాడు బాగా చేస్తున్నాడు బాబూ. గోడవైపు చూడట్లేదు, అంతే."

"గోడలో ఏముందండీ చూడ్డానికి?"

"అదీ నిజమేలే," అని నవ్వుకుంటూ మెట్లు దిగాడు.

ఎడిటింగ్ జరుగుతుండగా గాయకుడి చెల్లెలు ఒక పాత కాసెట్ పట్టుకొచ్చింది. పాట కడుతున్న రోజుల్లో ఆ గదిలోనే రికార్డు చేసుకున్నది.

"అన్నయ్య పోయేదాకా దీన్ని బయటివాళ్లకి వినిపించలేదండీ. మీరు ఇంత శ్రద్ధగా తీస్తున్నారని తెచ్చాను."

కాసెట్ తిరిగింది. పల్లవి అందుకోగానే గోడమీద దెబ్బలు.

రెండు గట్టిగా. ఒకటి మెల్లగా. కాస్త ఆగి మరొకటి.

డైరెక్టరు కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. చివరిదాకా విని, అసిస్టెంటుని పిలిచాడు.

"ఆ రోజు గోడ బాదిన పెద్దాయన ఎక్కడుంటాడు?"

"తెలీదు సార్. దారినపోతూ ఆగినట్టున్నారు. పేరు కూడా అడగలేదు."

ఆ వీధంతా వెతికించాడు. జాడ లేదు.

'దేవుడు గుమ్మందాకా పంపిస్తే, టీ ఇచ్చి సాగనంపానే!' అనుకున్నాడు. అయినా ఆయన చెయ్యి ఫిల్ములో భద్రంగానే ఉంది. లైట్‌మన్ దెబ్బలు తీసేయించి, ముసలాయన షాటే పెట్టాడు. హీరోని మళ్లీ పిలిపించి, గోడవైపు తిరిగి నవ్వే షాటు ఒకటి కొత్తగా తీశాడు. సినిమా ఇప్పుడు నిండుగా ఉందనిపించి, చాలా ఏళ్లకి హాయిగా నిద్రపోయాడు.

విడుదలకి ముందు భార్యకి చూపించాడు.

"ఇదేం చోద్యమండీ? అవతలివాడు గోడ బాదుతుంటే, కోప్పడక నవ్వుతాడేం?"

ఆయన కాసెట్ చివరిముక్క పెట్టాడు.

పాట ఆగింది, అడుగులు గోడదాకా నడిచాయి, గాయకుడి పడుచు గొంతు బతిమాలుతోంది: "అన్నా, నువ్వు దరువు వేస్తేగానీ నాకు పాట రావట్లేదు... ఇంకొక్కసారి కొట్టవూ!"