చుట్టాల గది

వాగు మీదికి వంగిన ఈతచెట్టుకు గిజిగాళ్ళు గూళ్ళు కట్టుకుంటున్నాయి. వాటికో పద్ధతి ఉంది. మగపక్షి సగం అల్లి పిలుస్తుంది. ఆడపక్షి వచ్చి చూసి, గూడు నచ్చితేనే కాపురం పెడుతుంది.

బంగారయ్య అనే గిజిగాడు అందరికంటే పెద్ద గూడు అల్లి చుక్కమ్మను పిలిచాడు.

"ఇది ముందుగది," అని గర్వంగా చూపించాడు. "ఇది నడిమిగది. అదేమో చుట్టాలకి."

"గుడ్లెక్కడ పెట్టాలి?"

"నీ ఇష్టం. చోటుకేం తక్కువ?"

చుక్కమ్మ నడిమిగదిలో పొదిగినట్టు కూర్చుని చూసింది. ఎంతసేపు కూర్చున్నా కింద గడ్డి వెచ్చబడలేదు.

"నా ఒంటి వేడంతా నీ ముందుగదికీ చుట్టాల గదికీ పోతోంది. ఇక గుడ్లకేం మిగులుతుంది?"

"అయిదొందల గడ్డిపోచలు మోశాను," అన్నాడు బంగారయ్య చిన్నబుచ్చుకుని.

"మోసింది నువ్వు. వెచ్చగా ఉంచాల్సింది నేను," అని పక్క గూళ్ళు చూడ్డానికి ఎగిరిపోయింది.

బంగారయ్య ఆ పూటంతా అలిగాడు. తెల్లారి లేచి రెండు గదులూ విప్పేశాడు. ఆ గడ్డితోనే మిగిలిన గది గోడలు మందంగా అల్లి, మళ్ళీ పిలిచాడు.

చుక్కమ్మ లోపలికొచ్చి రెక్కలు చాచింది. రెండు వైపులా గోడలు తగిలాయి. ముడుచుకు కూర్చుంటే కాసేపట్లోనే గడ్డి వెచ్చబడింది. ఇక లేవలేదు.

"మరి చుట్టాలొస్తే?" గుమ్మంలోంచి తొంగిచూస్తూ అడిగాడు బంగారయ్య.

"కొమ్మ మీద కూర్చుంటారు. వానాకాలం కదా, తొందరగానే వెళ్ళిపోతారు."