ఒక్క పిలుపు

ఇందా అనే పేటలోని ఇంటర్నెట్ ఆఫీసులో ఆ రాత్రి మీనాకుమారి ఒక్కతే ఉంది. ఊరి ట్రాఫిక్‌నంతా సర్వర్లకు పంచిపెట్టే సాఫ్ట్‌వేర్‌లో ఓ లోపం బయటపడింది. ఎక్కడినుంచో ఒక వంకర పిలుపు, అంటే తప్పుగా అల్లిన రిక్వెస్ట్, వస్తుంది. దానికి పలికితే చాలు, సాఫ్ట్‌వేర్ కుప్పకూలుతుంది. ఆస్పత్రితో సహా అందరికీ నెట్ పోతుంది. దిద్దుబాటు వచ్చేదాకా ఎవరో ఒకరు కాపలా ఉండాలి.

బయల్దేరేముందు ఈ సంగతి చెబితే నాయనమ్మ అప్పలనర్సమ్మ నవ్వలేదు.

"రాత్రేల ఒక్క పిలుపుకి పలక్కూడదే. మనిసైతే మళ్ళీ పిలుస్తాడు. మనిసి కానిది ఒక్కసారే పిలుస్తాది. నీ మిసనుకి ఆ మాట ఎవులూ సెప్పనేదేటి?"

ఇప్పుడు సాఫ్ట్‌వేర్ మళ్ళీ కూలింది. విసుగెత్తి మీనాకుమారి బయటి కేబుల్ పీకేసింది. తిరిగి లేచిన సాఫ్ట్‌వేర్ కాసేపటికే ఇంకో పిలుపుకు పలికి పడిపోయింది. అదే ఊళ్ళో పూరీ గేట్ పేటలో ఉండే సీనియర్, తను అన్నలా 'దాదా' అని పిలిచే శ్రీనివాస్‌కు ఫోన్ చేసింది.

"బయటి లైను తీసేసినాను దాదా. అయినా పిలుపు వచ్చింది."

"అయితే అది ఆ గదిలోంచే వస్తంది. నువ్వు గాక ఇంకెవులున్నారక్కడ?"

"ఎవులూ నేరు."

అంతలో సర్వర్ల ఫ్యాన్ల హోరు ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో శ్రీనివాస్ గొంతు మెల్లగా, "మీనా," అంది.

"ఆఁ, సెప్పు దాదా."

ఫోన్‌లో శ్రీనివాస్ అడిగాడు.

"నేను నిన్ను పిలవనేదు. ఎవులికి పలికినావు?"

మీనాకుమారి వెనక్కి తిరగలేదు. రెండో పిలుపు వస్తే బాగుండునని ఊపిరి బిగబట్టి ఎదురుచూసింది.

అది రాలేదు.